సాంత్వన కలిగించే ఫోటోలు మాత్రమే ఆరోగ్యం గురించిన ఫోటోలా?

నీలికుంచె
మహిళా ఫోటోగ్రాఫర్లు ఆరోగ్యం, మానసిక క్షేమం అనే అంశం మీద తీసిన చిత్రాలతో ఒక ప్రదర్శన జరగబోతోందని తెలిసి, థైరాయిడ్ ఆపరేషన్ అయిన తరువాతి వారాలలో నన్ను నేను తీసుకున్న ఫోటోలను పంపాను. అవన్నీ అద్దం ముందు, కిటికీ వెలుతురులో తీసినవి. ఒకదానిలో మెడ మీద ప్లాస్టరు ఊడదీసిన చోట దాని బంక నలుచదరంగా, నల్లని గీతలా చర్మానికి అంటుకుని ఉంటుంది. ఆ చదరం మధ్యలో కుట్టు ఎర్రగా, కొంచెం ఉబ్బి కనిపిస్తుంది. నిర్వాహకులు వాటిని తిప్పి పంపుతూ, చూసేవారికి ప్రశాంతత కలగాలన్నది తమ ఉద్దేశమనీ, నా ఫోటోలు కలవరపెడుతున్నాయనీ రాశారు. ఎంపికైనవాటిలో ఎక్కువ భాగం సూర్యోదయాలు, మంచు బిందువులు, కళ్లు మూసుకుని ధ్యానం చేస్తున్న స్త్రీలు.

వెలుగు గురించో కూర్పు గురించో తప్పు పట్టి ఉంటే నేర్చుకునేదాన్ని. కానీ జబ్బు కనబడితే అది క్షేమానికి సంబంధించిన ఫోటో కాదనడం నాకు మింగుడుపడటం లేదు. ఆ రోజుల్లో డాక్టర్లు, బంధువులు, పలకరించడానికి వచ్చినవారు, అందరూ నా మెడనే చూశారు. కెమెరా పట్టుకున్నప్పుడు మాత్రమే ఆ చూపు నాదయింది. ఇలాంటి పని చేసినవారు, చూసినవారు ఇక్కడ ఉంటే మీ అభిప్రాయం చెప్పండి.

మూడోకన్ను
మీ చివరి మాట చదవగానే బ్రిటన్‌కు చెందిన జో స్పెన్స్ గుర్తుకు వచ్చారు. పెళ్లి ఫోటోలు, స్టూడియో ఫోటోలు తీస్తూ జీవనం సాగించిన ఆమెకు 1982లో రొమ్ము క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. వైద్య విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చిన డాక్టరు, ఆమెతో సరిగ్గా మాట్లాడకుండానే, తీసేయబోయే రొమ్ము పైన ఇంటూ గుర్తు పెట్టాడు. ఆమె రొమ్మంతా తీయడానికి ఒప్పుకోలేదు. గడ్డను మాత్రమే తీయించుకున్నారు. ఆసుపత్రికి వెళ్లేముందు అదే రొమ్ము మీద ‘ఇది జో స్పెన్స్ ఆస్తేనా?’ అనే అర్థం వచ్చే మాటలు రాసుకుని ఫోటో తీయించుకున్నారు. చివర ఆ ప్రశ్నార్థకం పెట్టడంలోనే ఆమె పోరాటమంతా ఉందని నేను అనుకుంటాను. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీస్తున్నప్పుడు అక్కడి సిబ్బందిని ఒప్పించి, యంత్రపు పలకల మధ్య నొక్కుకుపోయిన తన శరీరాన్ని ఫోటోగా దాచుకున్నారు. మీకు వచ్చిన ఉత్తరంలో ఉన్న కొలతతో కొలిస్తే ఆమె పనిలో ఒక్క ఫోటో కూడా గోడకు ఎక్కేది కాదు.

సూర్యముఖి
నిర్వాహకులు రాసిన కారణం నాకూ నచ్చలేదు. అయితే సూర్యోదయాల గురించి నీలికుంచె గారు రాసిన తీరులో కొంచెం చిన్నచూపు ఉంది. నేను తీవ్రమైన కుంగుబాటులో ఉన్న కాలంలో మంచం దిగడమే కష్టంగా ఉండేది. రోజుకు ఒక ఫోటో తీయాలని పెట్టుకున్న నియమం వల్లనే గుమ్మం దాటాను. ఆ ఫోటోలన్నీ ఆకులు, నీడలు, ఆకాశం. వాటిలో జబ్బు కనబడదు, కానీ అవి జబ్బులోంచి తీసినవే. లాంకాస్టర్, షెఫీల్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు రోజుకొక ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పంచుకునేవారిని పరిశీలించి, ఆ అలవాటు తమను తాము చూసుకోవడానికీ, ఇతరులతో మాటలు కలవడానికీ, గడిచిన రోజులను తలచుకోవడానికీ తోడ్పడుతోందని 2018లో ప్రచురించారు. మంచు బిందువును అంత తేలికగా తీసేయకండి.

నీలికుంచె
సూర్యముఖి గారూ, మీరు చెప్పినది న్యాయం. మీ ఆకుల పక్కన నా మెడకు కూడా చోటు ఉండాలన్నదే నా వాదన. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదన్న నియమం ఎవరు పెట్టారన్నదే నా బాధ.

చీకటిగది
రెండింటినీ ఒకే గోడ మీద పెట్టగల ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. అమెరికాకు చెందిన తారా రే తన కుంగుబాటు కాలంలో వెర్మాంట్ పల్లెల్లో తీసిన ఫోటోలలో కుక్కలు, మంచు, పొలాలు, వింతగా నవ్వు తెప్పించే దృశ్యాలు ఉంటాయి. అవి 2018లో పుస్తకంగా వచ్చాయి. ఆ తరువాత మానసిక సమస్యలతో ఉన్న ఇతర ఫోటోగ్రాఫర్లు తమ చిత్రాలను పంచుకోవడానికి ఆమె ఒక వేదికను కూడా నడిపారు. చూడగానే హాయిగానే ఉంటాయి, కాసేపు నిలబడితే లోపలి బరువు తెలుస్తుంది.

రాత్రిడ్యూటీ
నేను నర్సుగా పనిచేస్తున్నాను, కాబట్టి నా భయాలు వేరు. మూడోకన్ను గారు జో స్పెన్స్ గురించి రాసినదానికి ఒక మాట చేర్చాలి. ఆమె ఆ తరువాత చైనా సంప్రదాయ వైద్యాన్ని ఆశ్రయించారు. ఫోటోలుగా ఆమె పని గొప్పదే కావచ్చు గానీ, దాన్ని చూసి ఎవరైనా చికిత్స మానుకునే ధైర్యం తెచ్చుకుంటే అది ప్రమాదం. కళాకారిణి తన శరీరం మీద తీసుకున్న నిర్ణయాన్ని వైద్య సలహాగా ఎవరూ చదవకూడదు. వార్డులో ఇలాంటివారిని చూశాను కాబట్టి చెబుతున్నాను.

మూడోకన్ను
ఆమె ఫోటోలు ఎవరికీ మందు రాసివ్వలేదు. డాక్టరు ఎదుట నోరు విప్పి ప్రశ్న అడగవచ్చని మాత్రమే చూపించాయి. 1980లలో రోజీ మార్టిన్ అనే మరొక ఫోటోగ్రాఫర్‌తో కలిసి ఆమె చేసిన ఫోటోథెరపీలో ఒకరు కెమెరా వెనుక ఉంటే మరొకరు ముందు నిలబడి, తన తల్లిగానో, చిన్నపిల్లగానో, రోగిగానో వేషం కట్టి, నోటితో చెప్పలేకపోయినదాన్ని అభినయించేవారు. తరువాత ఇద్దరూ చోట్లు మార్చుకునేవారు. తీసేవారు ఎప్పుడూ పైన, తీయించుకునేవారు ఎప్పుడూ కింద అన్న వరుస అక్కడ లేదు.

రాత్రిడ్యూటీ
ప్రశ్న అడగడం వేరు, చికిత్సను కాదనడం వేరు. ఈ విషయంలో మనం ఏకీభవించము, అలాగే ఉండనివ్వండి. చోట్లు మార్చుకోవడం మాత్రం నిజంగా మంచి పద్ధతి.

పాతనెగటివ్
ఈ పైన, కింద అన్న వరుస ఎంత పాతదో గుర్తు చేయాలనిపించింది. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో 1870లలో డాక్టర్ షార్కో ఆధ్వర్యంలో, హిస్టీరియా అని పేరు పెట్టిన స్త్రీలను వరుసగా ఫోటోలు తీసి సంపుటాలుగా అచ్చువేశారు. వారిలో ఆగస్టీన్ అనే పేరుతో ప్రసిద్ధురాలైన అమ్మాయి 1875లో చేరి, 1880లో మగవేషం వేసుకుని అక్కడి నుంచి తప్పించుకుని వెళ్లిపోయింది. ఆమె చేయెత్తి, కళ్లు పైకి తిప్పి మంచం మీద కూర్చున్న ఫోటోలు ఈనాటికీ అచ్చవుతూనే ఉన్నాయి గానీ, వాటి గురించి ఆమె ఏమనుకుందో చెప్పే కాగితం ముక్క కూడా మన చేతికి రాలేదు. స్త్రీ జబ్బును ఫోటో తీసే హక్కు వైద్యుడిదే అన్న అలవాటు అంత లోతుగా పాతుకుపోయింది. అందుకే ఒక స్త్రీ తన కుట్లను తానే ఫోటో తీసుకుంటే చూసేవారు ఉలిక్కిపడతారు.

వెలుతురుపిట్ట
ఉలిక్కిపడటం చెడ్డదేమీ కాదు. 1993 ఆగస్టు 15న న్యూయార్క్ టైమ్స్ ఆదివారపు పత్రిక ముఖచిత్రంగా మటూష్కా అనే కళాకారిణి స్వీయచిత్రం వచ్చింది. తెల్లని దుస్తులలో, రొమ్ము తీసేసిన వైపు మచ్చ స్పష్టంగా కనిపించేలా ఆమె నిలబడి ఉంటారు. కొందరు మెచ్చుకుంటూ, కొందరు మండిపడుతూ ఉత్తరాలు రాశారు. అప్పటిదాకా ఆ మచ్చను ఆపరేషన్ గదిలోనో, సొంత స్నానాల గదిలోనో తప్ప చూడని లక్షలమంది దాన్ని తమ చేతిలోని పత్రిక మీద చూశారు.

రాత్రిడ్యూటీ
ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆపరేషన్ తరువాత మొదటిసారి కట్టు విప్పేటప్పుడు చాలామంది స్త్రీలు తల పక్కకు తిప్పుకుంటారు. మచ్చ ఎలా ఉంటుందో ముందే ఒక ఫోటోలో చూసి ఉంటే ఆ క్షణం కొంత తేలికవుతుంది.

గుప్పెడుమట్టి
ప్రసవం గురించి ఎవరూ ఎత్తలేదు. బాలింత అనగానే నవ్వుతున్న తల్లి, ఒడిలో బొద్దుగా నిద్రపోతున్న బిడ్డ ఉన్న ఫోటోలే మన కళ్లకు అలవాటు. నెదర్లాండ్స్‌కు చెందిన రినేకె డైక్‌స్ట్రా 1994లో ముగ్గురు తల్లులను, ఒకరిని బిడ్డ పుట్టిన గంటకు, ఒకరిని ఒక రోజుకు, మరొకరిని వారానికి ఫోటో తీశారు. ఉత్త గోడ ముందు నిలబడి, బిడ్డను గుండెలకు అదుముకుని, నేరుగా మనవైపు చూస్తుంటారు. ఒకరి కాలి వెంట సన్నగా రక్తపు చార దిగి ఉంటుంది, మరొకరి పొత్తికడుపు మీద సిజేరియన్ గాటు కనిపిస్తుంది. వాళ్లలో ఎవరూ బాధను నటించడం లేదు, ఆనందాన్నీ నటించడం లేదు. బిడ్డ ముఖాన్ని అరచేతితో కమ్ముకున్న ఆ పట్టు చూడండి, అలసిపోయిన మనిషి చేతిలో అంత బలం ఎక్కడిదా అనిపిస్తుంది.

ఇటు రాజస్థాన్ ఎడారి పల్లెలో కసుంబీ దాయి అనే మంత్రసాని తన మనవరాలి పుట్టుకను ఫోటో తీయమని ఫోటోగ్రాఫర్ గౌరీ గిల్‌ను తానే పిలిచారు. పిలుపు లేకుండా వెళ్లినవారికి ఆ ఫోటోలు దొరికేవి కావు.

నీలికుంచె
డైక్‌స్ట్రా ఫోటోలు నేను ఇంతవరకు చూడలేదు, ఇప్పుడే చూశాను. నా కూర్పులో ఏమి లోపించిందో కూడా కొంత అర్థమైంది. నేను గదిలోని వస్తువులన్నీ ఫ్రేములోకి రానిచ్చాను. ఆమె గోడ తప్ప ఏమీ ఉంచలేదు.

చీకటిగది
బిడ్డ పుట్టకపోవడం కూడా ఆరోగ్యం కిందికే వస్తుంది. ఫిన్లాండ్‌కు చెందిన ఎలీనా బ్రోథెరస్ 2009 నుంచి 2013 వరకు ఐవీఎఫ్ చికిత్స ఫలించని కాలమంతా తనను తాను ఫోటో తీసుకున్నారు. చికిత్స ఫలించిన కథలే ఎక్కువగా బయటికి వస్తాయి కాబట్టి, ఫలించని కథలను కూడా చూపించాలన్నది ఆమె పట్టుదల. ఇంజెక్షన్లు, బల్ల ముందు ఒంటరిగా కూర్చోవడం, మళ్లీ మళ్లీ ఎదురుచూడటం, అంతే. ఎదురుచూపును ఫోటో తీయడం ఎంత కష్టమో తీసినవారికే తెలుస్తుంది.

వెలుతురుపిట్ట
సెల్ఫ్ టైమర్ పెట్టి పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ పది సెకన్లలో ఎదురుచూస్తున్న మనిషిలా కుదురుగా కూర్చోవడం ఇంకా కష్టం!

అంచుమడత
ఇంతవరకు అందరూ తన శరీరాన్ని తాను తీసుకోవడం గురించే రాశారు. నా పరిస్థితి వేరు. మా అమ్మకు మతిమరుపు వ్యాధి. ఆమెను చూసుకుంటున్నది నేనే, ఫోటోలు తీస్తున్నదీ నేనే. మధ్యాహ్నం పూట ఆమె దుప్పటి అంచును వేళ్లతో పట్టుకుని, సన్నగా మడిచి, బొటనవేలితో రుద్ది, మళ్లీ విప్పి మొదటినుంచీ మడుస్తుంది. నేను ఆ చేతులను తీస్తాను. తీస్తున్నంతసేపు నాకు విసుగు రాదు. కెమెరా లేనప్పుడు అదే పని చూస్తే విసుగు వస్తుంది. అంటే ఈ ఫోటోలు నాకు మేలు చేస్తున్నాయి. అమ్మకు ఏం చేస్తున్నాయో చెప్పలేను. తీయనా అని అడిగితే సరేనంటుంది. పావుగంట తరువాత ఆ సంగతే గుర్తుండదు. దీన్ని అనుమతి అనవచ్చా?

రాత్రిడ్యూటీ
నా భయాల్లో ఇదీ ఒకటి. జ్ఞాపకం నిలవని మనిషి ఒకసారి చెప్పిన సరే అన్న మాటను ఎల్లకాలానికీ చెల్లుబాటుగా తీసుకోకూడదు. తీసిన ప్రతిసారీ అడగాలి. మాటతో సరేనన్నా ముఖం చిట్లించినా, చేయి వెనక్కి తీసుకున్నా అది కాదనడమే. మీ దగ్గర దాచుకోవడం ఒక మెట్టు, ఇంట్లోవారికి చూపడం ఇంకొక మెట్టు, గోడకు ఎక్కించడం మరొక మెట్టు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆమె ఎలాంటి మనిషో మీకు తెలుసు. తలదువ్వుకోకుండా ఎవరి ముందుకూ రాని మనిషైతే ఇప్పుడు కూడా అదే ఆమె ఇష్టమని అనుకోవాలి.

పాతనెగటివ్
ఈ ప్రశ్న మీద పెద్దవాళ్లే తగవు పడ్డారు. అమెరికా ఫోటోగ్రాఫర్ ఆనీ లీబోవిట్జ్ 2006లో వెలువరించిన పుస్తకంలో ఆమె సహచరి, రచయిత్రి సూసన్ సొంటాగ్ క్యాన్సర్ చికిత్స నాటి ఫోటోలు, 2004లో సొంటాగ్ మరణించిన తరువాత తీసిన ఫోటోలు ఉన్నాయి. సొంటాగ్ కుమారుడు డేవిడ్ రీఫ్ వాటిని తీవ్రంగా ఆక్షేపించారు. ఇద్దరూ ఆమెను ప్రేమించినవారే. నా మట్టుకు నేను కుమారుడి పక్షం. మాట్లాడలేని స్థితిలో ఉన్న మనిషి తరఫున ఫోటో మాట్లాడుతుందన్న వాదన నాకు ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు.

మూడోకన్ను
పాతనెగటివ్ గారితో నేను విభేదిస్తాను. 1990లో ఎయిడ్స్‌తో మరణశయ్య మీద ఉన్న డేవిడ్ కిర్బీని థెరీస్ ఫ్రేర్ తీసిన ఫోటో చూడండి. ఫోటో తీయవచ్చని, సొంత లాభానికి మాత్రం వాడుకోకూడదని కిర్బీ ముందే ఆమెతో చెప్పారు. చివరి ఘడియల్లో ఆ గదిలోకి రమ్మని పిలిచింది ఆయన తల్లి. ఆ ఫోటో 1992లో ఒక దుస్తుల కంపెనీ ప్రకటనగా మారినప్పుడు ఎందరో తప్పుపట్టారు గానీ, కుటుంబం మాత్రం ఒప్పుకునే ఇచ్చింది. తమ కొడుకు కథ ఎక్కువమందికి చేరడమే వాళ్లకు కావలసింది. బయటివారికి అవమానంగా కనిపించినది ఇంట్లోవారికి గౌరవం కావచ్చు.

సూర్యముఖి
మేరీ ఎల్లెన్ మార్క్ 1976లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్ర మానసిక ఆసుపత్రిలో స్త్రీలను తాళం వేసి ఉంచే వార్డులో 36 రోజులపాటు ఉండి, వాళ్లను ఫోటో తీశారు. ఒక పూట వచ్చి తీసుకుని వెళ్లిపోలేదు. స్నానాల తొట్టిలో గడ్డం వరకు నీళ్లలో మునిగి చూస్తున్న అమ్మాయి ఫోటో అందరికీ తెలుసు. అయినా ఒకసారి మానసిక వార్డులో ఉన్నదానిగా చెబుతున్నాను, ఆ ఫోటోల పుస్తకం చూస్తే నాకు ఊపిరి సలపదు. ఆ స్త్రీలలో ఎందరు ఆ ఫోటోలను గోడ మీద చూడాలని కోరుకుని ఉంటారన్న ప్రశ్న నన్ను వదలదు. అంచుమడత గారు అమ్మ చేతులను మాత్రమే తీయడం నాకు ఎంతో నచ్చింది. అక్కడ జబ్బూ ఉంది, అమ్మ మర్యాదా ఉంది.

గుప్పెడుమట్టి
కెమెరాను అసలు వాళ్ల చేతికే ఇచ్చేయడం మరొక దారి. 1990ల మొదట్లో చైనాలోని యునాన్ రాష్ట్రంలో కరొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ కలిసి 62 మంది పల్లె స్త్రీలకు కెమెరాలు ఇచ్చి, వాళ్ల బతుకును వాళ్లనే తీయమన్నారు. పొలంలో పనిచేస్తుంటే బిడ్డలను చూసేవారు లేకపోవడం, నీళ్ల కోసం నడక, కాన్పుకు సాయం దొరకకపోవడం ఆ ఫోటోల ద్వారా అధికారుల ముందుకు వచ్చాయి. బయటి పరిశోధకులు ప్రశ్నల పట్టిక పట్టుకుని వెళితే ఏ ప్రశ్న అడగాలో కూడా వారికి తెలిసేది కాదు. ఫోటోవాయిస్ అనే ఈ పద్ధతిని తరువాత ఎన్నో దేశాల్లో ప్రజారోగ్య రంగంలో వాడారు.

ఇంకొక విషయం. మనం ఇంతసేపూ జబ్బు ఒంట్లోనే ఉన్నట్లు మాట్లాడుతున్నాం. లటోయా రూబీ ఫ్రేజియర్ అమెరికాలోని బ్రాడక్ అనే ఉక్కు ఫ్యాక్టరీ పట్టణంలో తన అమ్మమ్మను, తల్లిని, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉన్న తనను ఏళ్ల తరబడి నలుపు తెలుపులలో తీశారు. ఆ పట్టణపు ఆసుపత్రి 2010లో మూతపడితే దాని కూల్చివేతను కూడా అదే వరుసలో చేర్చారు. తల్లి వీపు మీది వైద్య పరీక్ష తీగలు, కూలిన ఆసుపత్రి గోడలోంచి వేలాడే తీగలు పక్కపక్కన చూసినప్పుడు, ఈ జబ్బుకు కారణం ఎవరన్న ప్రశ్న చూసేవారికి దానంతట అదే వస్తుంది.

వెలుతురుపిట్ట
అమెరికా ఫోటోగ్రాఫర్ నాన్ గోల్డిన్‌ను కూడా ఇదే వరుసలో చెప్పాలి. డాక్టర్లు రాసిచ్చిన ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రలకు బానిసై, బయటపడిన తరువాత 2017లో ఒక ఉద్యమ బృందాన్ని పెట్టారు. ఆ మాత్రలు తయారుచేసిన సంస్థ యజమానులైన శాక్లర్ కుటుంబం పేరు మ్యూజియం గోడల మీద ఉండకూడదని 2018లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం లోపలి నీటి కొలనులో మాత్రల సీసాలు విసిరి నిరసన తెలిపారు. 2021 డిసెంబరులో ఆ మ్యూజియం ఆ పేరును తీసేసింది. ఫోటోగ్రాఫర్‌గా ఆమెకున్న పేరే అక్కడ ఆయుధమైంది.

నీలికుంచె
అందరికీ కృతజ్ఞతలు. నేను వాదనకు దిగకుండా నిర్వాహకులకు మళ్లీ రాయాలని అనుకుంటున్నాను. ప్రవేశద్వారం దగ్గరే, లోపల ఆపరేషన్ మచ్చలు ఉన్న ఫోటోలు కూడా ఉన్నాయని ఒక బోర్డు పెట్టి, వాటిని ఒక పక్క గోడకు ఉంచితే ఇష్టమున్నవారే చూస్తారు కదా అని అడుగుతాను. సూర్యముఖి గారి ఆకుల వంటి ఫోటోలకు, నా ఫోటోలకు కింద రెండేసి వాక్యాల వివరణ ఉంటే మేలన్నది కూడా రాస్తాను. ఏ కాలంలో తీసినవో తెలిస్తే ఆకు కూడా వేరుగా కనిపిస్తుంది.

చీకటిగది
బోర్డు ఆలోచన బాగుంది. ప్రింటు సైజు కూడా తగ్గించండి. మచ్చను గోడంత పెద్దది చేస్తే జనం వెనక్కి అడుగు వేస్తారు, అరచేయంత ఉంటే దగ్గరకు వస్తారు. మ్యాట్ కాగితం వాడండి. మెరిసే కాగితం మీద కుట్టు తడిగా కనిపించి, మీరు అనుకోని భయం పుట్టిస్తుంది.

అంచుమడత
రాత్రిడ్యూటీ గారు చెప్పిన మెట్ల లెక్క నాకు పనికివచ్చింది. ప్రస్తుతానికి మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగుతాను. మా తమ్ముడికి చూపిస్తాను.

నీలికుంచె
రాత్రిడ్యూటీ గారికి ఒక ప్రశ్న. ఆసుపత్రిలో ఉండగా తీసిన ఒక ఫోటోలో, అద్దంలో పక్క మంచం మీది ఆమె భుజం, చేయి కనిపిస్తున్నాయి. ముఖం లేదు. అది పంపవచ్చా?

రాత్రిడ్యూటీ
ముందు ఫోటోను పెద్దది చేసి చూడండి. మణికట్టు పట్టీ మీద పేరు, మంచం నంబరు, వెనుక వేలాడే కేసు షీటు, ఫోను తెర, ఇవేవైనా చదవగలిగేలా ఉంటే పంపకూడదు. పుట్టుమచ్చ, పచ్చబొట్టు, గాజులు చూసి కూడా తెలిసినవాళ్లు గుర్తుపడతారు. ఆమెను సంప్రదించే వీలుంటే ఫోటో చూపించి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. వీలు లేకపోతే ఆ వైపు కత్తిరించండి, మసకబార్చి సరిపెట్టవద్దు. కొన్ని ఆసుపత్రులు వార్డుల్లో ఫోటోలనే నిషేధిస్తాయి కాబట్టి, ప్రదర్శనకు పెట్టేముందు అక్కడి నియమం ఏమిటో కూడా కనుక్కోండి.